సంస్థల కొనుగోళ్ళు - ఒప్పందమునకు ముందు, తరువాత

ఇంటికి కావలసిన సరుకులు కొనుటకు ఒప్పంద పత్రముతో పని లేదు. యాకుత్‌పురాలో కాపురమున్నవారు మీర్ ఆలం మండీ దాక పోయి, ధర అడిగి, కూరగాయలు చేత పట్టి చూచి, నచ్చినచో కొందురు. నచ్చనిచో ప్రక్క దుకాణమునకు పోదురు. కొనువారు, డబ్బిచ్చువారు, తినువారు ఒక్క ఇంటివారే. కావున సరుకు చెడినచో ఆ సాయంకాలమే తెలియును; మరునాడే దుకాణము మారును.

సంస్థల విషయము అట్లు కాదు. ఒక వైద్యశాలను తీసుకొనుడు. పాలు కావలెనని కోరువాడు వంటశాల పెద్ద. ధర కుదుర్చునది కొనుగోలు సంఘము. డబ్బు చెల్లించునది లెక్కల విభాగము. త్రాగువాడు మంచముపై నున్న రోగి. ఈ నలుగురు ఒకరి నొకరు చూచుకొనకపోవచ్చును. పాలు పలుచబడినవని మొదట తెలియునది రోగికి. కాని అతని మాట బిల్లుపై సంతకము చేయువాని దాక పోవుటకు దారి ఉండదు. ఆ దారిని ముందుగా వేసి ఉంచుటయే ఒప్పంద నిర్వహణము. ధర కుదుర్చుకొనుట అందులో ఒక భాగము మాత్రమే.

ఇది అధికారుల సంగతి, మనకెందుకని శ్రోతలు అనుకొనరాదు. మనలో ఒకరు పాఠశాల యాజమాన్య సంఘములో సభ్యులు; మరియొకరు వసతిగృహపు కమిటీలోనో, మసీదు లేక దేవాలయ కమిటీలోనో పెద్దలు; వేరొకరు అపార్టుమెంటు సంఘమునకు కార్యదర్శి. ఎక్కడ పదిమంది సొమ్ముతో పదిమందికి సరుకు కొనవలసి వచ్చునో, అక్కడ ఈ సమస్య ఉన్నది.

ఒప్పందమును కుదిర్చి, దాని నడకను చూడక విడిచినచో ఏమగునో మన నగర చరిత్రయే చెప్పుచున్నది. పందొమ్మిదవ శతాబ్దపు తొలి దశకములలో హైదరాబాదునందు విలియం పామర్ కంపెనీ అను వర్తక సంస్థ ఉండెడిది. నిజాము ప్రభుత్వము తన సైన్యమునకు నెలనెల జీతములు అందించుటకు ఈ సంస్థనుండి సొమ్ము తీసుకొని, బదులుగా కొన్ని జిల్లాల శిస్తును దానికి వ్రాసి ఇచ్చుచుండెను. ఏర్పాటు సులభముగా కనిపించినది. అయితే వడ్డీ ఎంత, తీరిన దెంత, మిగిలిన దెంత అని వేరుగా లెక్క చూచువారు లేకపోయిరి. 1820లో రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్‌కాఫ్ ఈ లెక్కలను ప్రశ్నించునప్పటికి బాకీ కొండవలె పెరిగియున్నది. ఉత్తర సర్కారుల నిమిత్తము ఆంగ్ల కంపెనీ నిజామునకు ఏటేట ఏడు లక్షల రూపాయల పేష్కషు చెల్లించుచుండెడిది. 1823లో నిజాము ఆ హక్కును శాశ్వతముగా వదలుకొని, అందుకు వచ్చిన సొమ్ముతో పామర్ కంపెనీ బాకీ తీర్చవలసి వచ్చినది. ఒక సరఫరా ఏర్పాటును కనిపెట్టి చూడనందుకు ఒక రాజ్యము తన శాశ్వతాదాయమును కోల్పోయినది.

రాజ్యముల మాట అటుంచి, చిన్న ఉదాహరణమునకు వత్తము. యాకుత్‌పురా రైల్వే స్టేషనుకు సమీపమున, ఒక ఇరుకు వీథిలో, ముప్పది పడకల ధర్మ వైద్యశాల ఒకటి ఉన్నదని ఊహింతము. దానికి ఏమేమి కావలెను? ప్రతిదినము పాలు, రొట్టె, కూరగాయలు. నెలనెల మందులు, దూది, సబ్బు, ఫినాయిలు. దుప్పట్లు ఉతుకువారు, జనరేటరును బాగుచేయువారు, ఆసుపత్రి వ్యర్థములను తీసుకొనిపోవువారు. ఎప్పుడో ఒకసారి ఒక ఎక్స్‌రే యంత్రము. వీటినన్నిటిని ఒకే నమూనా పత్రముపై ఒకే విధముగా కొనుట మొదటి పొరపాటు.

కొనవలసిన వాటిని ముందుగా రెండు ప్రశ్నలతో వేరుచేయవలెను. ఇది ఒక దినము రాకపోయినచో ఏమగును? దీనిని మరియొకరినుండి తెచ్చుకొనుట ఎంత సులభము? సబ్బు ఒక దినము రాకపోయినను ప్రాణహాని లేదు. బజారులో ఎచ్చటనైన దొరకును. అట్టిదానికి మంచి ధర చూచుకొన్న చాలును. ప్రాణవాయువు ఒక గంట రాకపోయినచో ప్రాణము పోవును. అందుకు ధరకన్న నమ్మకము ముఖ్యము, ఇద్దరు సరఫరాదారులుండుట మేలు. ఇక వ్యర్థముల సంగతి వేరు. జీవవైద్య వ్యర్థముల నియమములు, 2016 ప్రకారము, 75 కిలోమీటర్లలోపల ఉమ్మడి శుద్ధి కేంద్రమున్నచో వైద్యశాల తానే శుద్ధి యంత్రమును పెట్టుకొనరాదు. రక్తమంటిన గుడ్డలు, దూది వంటివానిని 48 గంటలకు మించి నిలువ ఉంచరాదు. కావున సరఫరాదారుని ఎన్నుకొను స్వేచ్ఛ ఇక్కడ తక్కువ; అతడు ఆలస్యము చేసినచో తప్పు వైద్యశాల మీదికి వచ్చును. ఇట్టి ఒప్పందములో బేరముకన్న బండి వచ్చు వేళల పట్టీయే ముఖ్యము.

ఈ విధముగా వేరుచేసిన తరువాత షరతులు వ్రాయవలెను. "మేలైన సరుకు సకాలములో సరఫరా చేయవలెను" అని వ్రాసిన వాక్యము చదువుటకు బాగుండును. తగాదా వచ్చినప్పుడు మాత్రము ఎందుకును పనికిరాదు. మేలైనదని ఎట్లు తెలియును? ఎవరు, ఏ పరికరముతో చూతురు? సకాలమనగా ఎన్ని గంటలకు? సరుకును వీథి చివర దింపవలెనా, వంటశాల గుమ్మము వద్దనా? పాతబస్తీలో ఈ చివరి ప్రశ్న చిన్నది కాదు. పెద్ద లారీ సందులోనికి రాదు. చిన్న బండిలోనికి మార్చు కూలి ఎవరిదో వ్రాయనిచో మొదటి వారమునందే జగడము పుట్టును.

కాలము విషయమునందును స్థానిక పరిస్థితిని ఎరిగి వ్రాయవలెను. ముహర్రము పదవనాడు బీబీకా అలం ఊరేగింపు డబీర్‌పురాలో బయలుదేరి, యాకుత్‌పురా మీదుగా చార్మినారు వైపు సాగి, చాదర్‌ఘాటు చేరును. ఆనాడు ఆ దారుల వాహనములు నడువవు. రంజాను మాసములో బేకరీల పని వేళలు మారును. ఈ దినములు చాంద్రమానమును బట్టి ఏటేట పది పదునొకండు రోజులు ముందునకు జరుగుచుండును గనుక నిరుటి తేదీలు ఈ ఏటికి చెల్లవు. 2020 అక్టోబరు 13న కురిసిన కుంభవృష్టికి పాతబస్తీలో అనేక కాలనీలు నీట మునిగినవి. అట్టి దినమున సరఫరాదారుడు ఏమి చేయవలెను, ఎన్ని దినముల నిలువ వైద్యశాలయందు ఉండవలెను అను మాట వాన రాకమునుపే కాగితముపై ఉండవలెను.

తరువాత పోటీ సంగతి. ఎక్కువమందిని పిలిచి ధరలడుగుటకు టెండరు పద్ధతి ఏర్పడినది. పూర్వము టెండరు పెట్టె వద్ద గుత్తేదారులు గుంపు కట్టి, ఇతరులను పెట్టె దరికి రానీయకుండుట జరుగుచుండెడిది. ఆ బాధను తొలగించుటకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2003లో ఎలెక్ట్రానిక్ పద్ధతిని ప్రారంభించినది. దేశములో ఈ మార్గమున ముందడుగు వేసిన రాష్ట్రములలో మనది ఒకటి. కేంద్ర ప్రభుత్వము 2016లో ప్రభుత్వ ఈ-మార్కెట్‌ప్లేస్ అను అంగడిని తెరచినది; తరువాత 2017లో పాత సరఫరాల డైరెక్టరేటును మూసివేసినది. 2022లో సహకార సంఘములకును ఆ అంగడిలో కొనుటకు అనుమతి లభించినది. ఈ మార్పులు మంచివే. అయినను ఇవి అన్నియు తగిన సరఫరాదారుని ఎన్నుకొనుటకు మాత్రమే తోడ్పడును. ఎన్నుకొన్న మరునాటి నుండి సరుకు చూచు కన్ను, లెక్క వ్రాయు చేయి ఏ యంత్రమును ఇవ్వజాలదు.

ఆ కన్ను ఎవరిదో పేరుతో నిర్ణయించుట తరువాతి పని. "కమిటీ చూచుకొనును" అన్నచో ఎవరును చూడరు. ఒక్కొక్క ఒప్పందమునకు ఒక్కొక్క బాధ్యుడు ఉండవలెను. కొన్నవాడే సరుకును సరిచూచుట, సరిచూచినవాడే బిల్లు చెల్లించుట కూడదు. చిన్న సంస్థలో మనుషులు తక్కువ అయినను, ఈ మూడు పనులలో కనీసము రెండింటిని వేరువేరు చేతులకు అప్పగింపవలెను.

సరుకు వచ్చిన దినమే చూడవలెననుట కేవలము జాగ్రత్త మాట కాదు, చట్టము మాట. 1930 నాటి సరుకుల విక్రయ చట్టము కొన్నవానికి సరుకును పరీక్షించుకొను హక్కు ఇచ్చినది. కాని సమంజసమైన కాలము గడచువరకు నిరాకరణము తెలుపక తన యొద్దనే ఉంచుకొన్నచో, అతడు దానిని అంగీకరించినట్లే భావింపబడును. అట్లే 1872 నాటి ఒప్పందముల చట్టము 55వ సెక్షను మరియొక మెలిక చెప్పుచున్నది. గడువే ప్రధానమైన ఒప్పందములో, గడువు దాటి వచ్చిన సరుకును పుచ్చుకొనునప్పుడే "ఆలస్యమునకు పరిహారము కోరెదము" అని తెలుపకపోయినచో, తరువాత ఆ పరిహారము అడుగుటకు వీలుండదు. కావున స్టోరులో నుండు సామాన్య గుమాస్తా చలానా మీద వ్రాయు రెండు పంక్తులు, తరువాత న్యాయవాది వ్రాయు పది పుటలకన్న విలువైనవి కావచ్చును.

జరిమానా అంకెను పెద్దదిగా వ్రాసినంత మాత్రమున సంస్థకు రక్షణ లేదు. అదే చట్టము 74వ సెక్షను ప్రకారము, వ్రాసిన మొత్తమునకు మించకుండ, సమంజసమైన పరిహారమునే న్యాయస్థానము ఇప్పించును. అంతకన్న మేలైన సాధనము ధరావతు. సరఫరాదారుడు పని ముగియువరకు కొంత సొమ్మును సంస్థవద్ద హామీగా ఉంచును. కేంద్ర ప్రభుత్వపు సాధారణ ఆర్థిక నియమావళి, 2017 ఈ హామీ అన్ని బాధ్యతలు తీరిన తరువాత కూడ 60 దినములు చెల్లుబాటులో నుండవలెనని చెప్పినది. ధర్మసంస్థలకు ఆ నియమావళి నేరుగా వర్తింపదు. అయినను అనుసరింపదగిన పద్ధతి.

మందుల విషయమున నాణ్యతను కంటితో కనిపెట్టలేము గనుక అదనపు జాగ్రత్త కావలెను. ఈ మార్గమున పొరుగువారు మంచి దారి వేసినారు. 1994లో ఏర్పడిన తమిళనాడు వైద్య సేవల సంస్థ, వచ్చిన మందుల నమూనాలను ప్రయోగశాలలకు పంపి, ఫలితము వచ్చిన పిమ్మటనే ఆసుపత్రులకు విడుదల చేయు పద్ధతిని నెలకొల్పినది. ప్రతి ఆసుపత్రికి ఒక పాసుపుస్తకమిచ్చి, దానికి కేటాయించిన సొమ్ములో ఎంత విలువగల మందులు తీసుకొన్నదో అందులో వ్రాయించినది. బ్యాంకు ఖాతావలె నిలువ ఎంతో వైద్యునికే తెలియును. అవసరములేని మందు కోరినచో తన వాటాయే తరుగును.

ఇండెంటును సరిచూడనిచోట ఎట్టి చిక్కులు పుట్టగలవో హైదరాబాదు ఎరుగును. 2019 సెప్టెంబరులో, కార్మిక బీమా వైద్య సేవల విభాగపు మందుల కొనుగోళ్ళలో అక్రమములు జరిగినవను ఆరోపణపై అవినీతి నిరోధక శాఖ కేసు పెట్టి, కొందరిని అరెస్టు చేసినది. అవసరమునకు మించి ఇండెంట్లు పెట్టిరనియు, ధర ఒప్పందము లేని సంస్థల నుండి కొనిరనియు ఆరోపణలు వచ్చినవి. దోషులెవరో తేల్చుట న్యాయస్థానముల పని. మనము గ్రహింపవలసినది ఒక్కటి: సరుకు ఎంత కావలెనో చెప్పు కాగితమే తప్పైనచో, దాని వెనుక వచ్చు టెండరు, రసీదు, బిల్లు అన్నియు చూచుటకు సక్రమముగానే ఉండవచ్చును.

ఇంతవరకు సరఫరాదారునిపై నిఘా మాటలే చెప్పితిమి. సంస్థ పాటింపవలసిన ధర్మము ఒకటి కలదు. ఎక్కువ ఒప్పందములు చెడునది అక్కడనే. అది సకాలములో డబ్బు చెల్లించుట.

మన ఊహా వైద్యశాల దినమునకు 20 లీటర్ల పాలు, లీటరు రూ. 60 చొప్పున కొనుచున్నదనుకొందము. నెలకు 600 లీటర్లు, బిల్లు రూ. 36,000. బిల్లు మూడు నెలలు ఆగినచో పాలవాని సొమ్ము రూ. 1,08,000 వైద్యశాలలో చిక్కుకొనును. అతడు పశువుల మేతకు, బండి ఇంధనమునకు బజారులో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చెననుకొనుడు. నెలకు వడ్డీ రూ. 2,160. దానిని 600 లీటర్లకు పంచినచో లీటరుకు మూడు రూపాయల అరువది పైసలు. ఈ మూడు రూపాయల అరువది పైసలు ఎక్కడినుండి రావలెను? అతడు వచ్చే ఏడాది టెండరులో ధర పెంచవలెను. లేదా తన లాభము వదలుకొనవలెను. లేదా పాలలో నీరు కలుపవలెను. లాభము వదలుకొనువాడు ఎంతో కాలము నిలువడు. నిజాయితీ గలవాడు ఏడాది చూచి, దండము పెట్టి వెళ్ళిపోవును. మిగులునది నీరు కలుపువాడు. అప్పుడు కమిటీ కూర్చుండి, "ఈ రోజులలో మంచి సరఫరాదారులు దొరకుట లేదు" అని విచారించును. ఆ మంచివానిని వెళ్ళగొట్టినది తమ లెక్కల గదిలోని ఆలస్యమేనని తలపునకు రాదు.

ఈ అన్యాయము తగ్గించుటకే పార్లమెంటు 2006లో సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టమును చేసినది. నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థనుండి సరుకుగాని సేవగాని పొందినవారు, వ్రాతపూర్వకమైన ఒప్పందమున్నను 45 దినములకు మించి గడువు పెట్టుకొనరాదు. మించినచో రిజర్వు బ్యాంకు ప్రకటించు బ్యాంకు రేటునకు మూడింతలు చక్రవడ్డీ, నెల నెలకు కట్టి, ఇచ్చుకొనవలెను. రొట్టె కాల్చు బేకరీకి, దుప్పట్లు ఉతుకు సంస్థకు ఈ రక్షణ ఉన్నది. సరుకు కొని అమ్ము వర్తకునకు మాత్రము వర్తింపదు. అయినను చిన్న సరఫరాదారులలో పెక్కుమంది ఈ హక్కును వాడుకొనరు. కొనువానిపై ఫిర్యాదు చేసినచో రేపటి ఆర్డరు పోవునని వారి భయము. కావున చట్టముకొరకు వేచియుండక, సంస్థయే తన ఒప్పందములో "సరుకు అంగీకరించిన ఇన్ని దినములలో చెల్లింతుము" అని వ్రాసి, ఆ తేదీని తన రిజిష్టరులో గుర్తు పెట్టుకొనవలెను. ఆర్డరిచ్చుటకు ముందే ఆ సొమ్ము ఎచ్చటినుండి వచ్చునో చూచుకొనవలెను.

ఈ రిజిష్టరు గొప్ప వస్తువేమియు కాదు. ఒక వంద పుటల పుస్తకము చాలును. ఒప్పందమునకు ఒక పుట. బాధ్యుని పేరు, మొదలు తేదీ, ముగింపు తేదీ, ధరావతు చెల్లుబాటు తేదీ, చెల్లింపు గడువు. క్రింద వచ్చిన లోపములు, తీసుకొన్న చర్యలు. ముగింపునకు మూడు నెలల ముందు ఒక ఎర్ర గుర్తు. ఆ గుర్తు లేనిచోట ఏమి జరుగునో చూడుడు: గడువు తీరిన సంగతి తీరిన తరువాత తెలియును, క్రొత్త టెండరుకు వ్యవధి ఉండదు, "ప్రస్తుతమునకు పాతవారినే కొనసాగింతము" అని తీర్మానింతురు. ఆ ప్రస్తుతము రెండేండ్లగును. పాత ధర, పాత లోపములు, పత్రము లేని పని. జనరేటరును బాగుచేయు ఒప్పందము ఇట్లు తీరిపోయినదని మా వంటి ప్రసార కేంద్రమైనచో ప్రసారము ఆగినప్పుడు తెలిసికొనును; వైద్యశాల అయినచో శస్త్రచికిత్స నడుమ తెలిసికొనును.

ఒప్పందము ముగియుటకు కూడ ముందే దారి వ్రాయవలెను. ఎన్ని హెచ్చరికల తరువాత రద్దు చేయవచ్చును? సరఫరాదారుడే విరమించుకొన దలచినచో ఎన్ని దినముల ముందు తెలుపవలెను? అతని వద్దనున్న మన దుప్పట్లు, సిలిండర్లు, తాళములు ఎవరు లెక్క పెట్టి తీసుకొనవలెను? సంబంధము బాగున్న దినములలో ఈ మాటలు అనుకొనుట కష్టము కాదు. చెడిన తరువాత అనుకొనుట సాధ్యము కాదు.

మీరు ఏ కమిటీలో నున్నను, రాబోవు సమావేశమున ఒక ఒప్పందమును ముందు పెట్టించి ఐదు ప్రశ్నలు అడుగుడు. దీనికి బాధ్యుడెవరు? పోయిన నెలలో సరుకును చూచి సంతకము చేసినదెవరు? దానిని వాడువారి ఫిర్యాదు ఎవరికి చేరుచున్నది? చివరి బిల్లు ఎన్ని దినములకు చెల్లించితిమి? ఇది ఎప్పుడు తీరిపోవును? ఐదింటికిని వెంటనే సమాధానము వచ్చినచో ఆ సంస్థలోని రోగికి మంచి పాలు, బిడ్డకు మంచి భోజనము అందుచున్నవని చాలవరకు నమ్మవచ్చును. రాకపోయినచో నిరాశ పడవలదు. వంద పుటల పుస్తకము ఒకటి తెప్పించి, ఆ సమావేశమునందే మొదటి పుట వ్రాయింపుడు.